జై హనుమాన్: రాముడికి ఇచ్చిన ఆ మాట ఏమై ఉంటుంది? కథ ఎటు పోతుంది?

అంజనాద్రి_వాసి

'హను-మాన్' సినిమా చివర్లో మంచు పగిలి హనుమంతుడు, స్వామి లేచే దగ్గర కథ ఆపి, శ్రీరాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటి అని అడిగి వదిలేశారు. రెండో భాగం 'జై హనుమాన్' 2025లో అన్నారు, ఆ ఏడాది దాటిపోయింది. ఈలోపు టీమ్ వైపు నుంచి బయటికి వచ్చినవాటిలో కథకు పనికొచ్చేవి నాలుగు. 2024 జనవరి 22న, అయోధ్య ప్రాణప్రతిష్ఠ రోజున దర్శకుడు ప్రశాంత్ వర్మ ప్రీ-ప్రొడక్షన్ మొదలైందని ప్రకటించారు. ఆ ఏడాది శ్రీరామనవమికి ఒక పోస్టర్ వచ్చింది, రాముడి చేతిలో హనుమంతుడు చెయ్యి వేసి మాట ఇస్తున్నట్టు. చైత్ర పౌర్ణమికి ఇంకొకటి, అందులో గద పట్టుకున్న స్వామి ఎదురుగా నిప్పులు కక్కే డ్రాగన్. తర్వాత అక్టోబరు 30న మైత్రీ మూవీ మేకర్స్ బ్యానర్ మీద హనుమంతుడిగా రిషబ్ శెట్టి ఫస్ట్ లుక్, రాముడి విగ్రహాన్ని గుండెకు హత్తుకుని కూర్చున్నది.

వీటితో, మొదటి భాగంలో పెట్టిన రూల్స్‌తో కథ ఎంతవరకు ఊహించొచ్చు? నాకు అంతుపట్టనివి మూడు. ఒకటి, ఆ మాట ఏంటి. రెండు, చావులేని హనుమంతుడిని హీరోగా పెడితే ఓడిపోతాడేమోనన్న భయం ప్రేక్షకుడికి ఎలా పుడుతుంది? వజ్రాయుధానికే చావనివాడిని డ్రాగన్ ఏం చేస్తుంది? మూడు, స్వామే దిగి వచ్చాక మొదటి భాగంలో తేజ సజ్జా చేసిన పల్లెటూరి కుర్రాడు హనుమంతుకు ఇక పనేముంటుంది?

ఎవరు నటిస్తున్నారట, ఎంత తీసుకుంటున్నారట అనే కబుర్లు వద్దు. మొదటి భాగంలోంచో రామాయణంలోంచో ఆధారం చూపించి ఊహించండి.

---

పారాయణ

మొదటి ప్రశ్నకు జవాబు ఉత్తరకాండలోనే ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. అవతారం చాలించే ముందు రాముడు ఒక్కొక్కరినీ పిలిచి చెబుతాడు. హనుమంతుడితో, లోకంలో నా కథ చెప్పుకుంటున్నంత కాలం నువ్వు ఇక్కడే ఉండు, నా మాట పాటిస్తూ సంతోషంగా ఉండు అంటాడు. హనుమంతుడు సరే అని, నీ పావన కథ తిరుగుతున్నంత కాలం నీ ఆజ్ఞ పాలిస్తూ భూమ్మీదే ఉంటానని బదులిస్తాడు. 'ఇచ్చిన మాట' అంటే మూలంలో ఇదే. ఇందులో ఆజ్ఞ ఏమిటో విప్పి చెప్పలేదు. రచయితకు ఖాళీ దొరికింది అక్కడే. రామనవమి పోస్టర్‌లో చేతులు కలిపిన ఘట్టం ఈ సందర్భమేనని నా ఊహ.

రెండో ప్రశ్నకు దారి కూడా అదే చోట ఉంది. అంతకు ముందు పట్టాభిషేకం తర్వాత వీడ్కోలు వేళ హనుమంతుడు కోరుకున్న వరం ఏంటంటే, రామకథ భూమ్మీద నడిచినంత కాలం నా ఒంట్లో ప్రాణం ఉండాలి అని. జాగ్రత్తగా చూడండి, ఆ ఆయుష్షుకు ఒక షరతు ఉంది. కథ ఆగిపోతే? శరీరాన్ని ఏ ఆయుధమూ ఏమీ చెయ్యలేదు కానీ, లోకం నోట రామకథ లేకుండా చేయగలిగినవాడు హనుమంతుడికి నిజమైన శత్రువు. తెర మీద దీన్ని చూపించడం తేలిక. ఊళ్లలో భజనలు ఆగిపోతాయి, పిల్లలకు ఆ పేరు తెలియదు, అక్కడ స్వామి బలం తగ్గుతుంది. డ్రాగన్ పైకి కనిపించే ప్రమాదం, ఇది లోపల నడిచే ప్రమాదం. రెండూ కలిపితేనే రెండున్నర గంటలు నిలబడుతుంది.

ఇంకొక బలహీనత అందరికీ తెలిసినదే, కానీ దాని చివరి కొస ఎవరూ పట్టుకోరు. చిన్నప్పుడు ఆశ్రమాల్లో అల్లరి చేస్తే భృగు, అంగిరస వంశాల ఋషులు శపించారు: ఎవరైనా గుర్తు చేస్తేనే నీ బలం నీకు తెలుస్తుంది అని. అందుకే కిష్కింధకాండ చివర సముద్రం ఒడ్డున జాంబవంతుడు పొగిడి లేపాల్సి వచ్చింది. సరే, ఉత్తరకాండలో రాముడు జాంబవంతుడికి ఏం చెప్పాడు? కలి వచ్చేదాకా బతికి ఉండు అన్నాడు. అంటే కలియుగంలో జాంబవంతుడు లేడు! స్వామికి బలం గుర్తు చేసే మనిషి లేడు. మొదటి భాగంలో సముద్రఖని విభీషణుడు ఉన్నాడు కాబట్టి ఆ పని ఆయనే చేస్తాడనుకోవచ్చు. నా లెక్క వేరు. ఆ పని హనుమంతుదే. మూడో ప్రశ్నకు నా జవాబు అది. మొదటి భాగంలో దేవుడి బలం మనిషికి వచ్చింది, రెండో భాగంలో మనిషి మాట దేవుడికి బలం అవుతుంది. జాంబవంతుడి చోట ఒక పల్లెటూరి కుర్రాడు నిలబడి 'నువ్వెవరో తెలుసా' అని చెప్పే సీన్ ఇంటర్వెల్‌కు ముందు పడితే హాలు ఏమైపోతుందో ఊహించుకోండి.

---

నీడపట్టు

పారాయణ గారూ, జాంబవంతుడి పాయింట్ అద్భుతం. కానీ విలన్ 'కథను ఆపేవాడు' అంటే చెప్పడానికి బాగుంటుంది, తీయడానికి చిక్కు. ప్రేక్షకుడికి ఎదురుగా ఒక ఆకారం కావాలి. నాకు సుందరకాండలో సింహిక అనే రాక్షసి కనిపిస్తోంది.

మొదటి భాగంలో హనుమంతుకు బలం ఇచ్చే రుధిరమణి రూల్ గుర్తుందిగా, సూర్యకాంతి పడితేనే పనిచేస్తుంది, రాత్రి పనిచెయ్యదు. అందుకే శత్రువులు చీకటి కోసం చూడాలి. రెండో భాగంలో అదే ట్రిక్ మళ్లీ వాడితే జనం ఒప్పుకోరు. మరి పట్టపగలు హీరోను ఎలా కట్టెయ్యాలి? ఎండ ఉన్నచోట నీడ ఉంటుంది. సింహిక ఛాయాగ్రాహి. సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుడి నీడ పట్టుకుని లాగితే ఎదురుగాలికి ఓడ ఆగినట్టు వేగం తగ్గిపోయింది. ఇలాంటి భూతం ఒకటి ఉందని సుగ్రీవుడు ముందే చెప్పిన సంగతి అప్పుడు గుర్తొస్తుంది. ఒళ్లు పెంచాడు, అది నోరు పెంచింది. వెంటనే చిన్నగా అయిపోయి నోట్లో దూరి మర్మాలు చీల్చి బయటపడ్డాడు.

నీడను పట్టే శక్తికి బలం ఎప్పుడు? నీడ పొడుగ్గా ఉన్నప్పుడు, అంటే పొద్దున, సాయంత్రం. బలహీనత? మిట్టమధ్యాహ్నం. మన అక్షాంశాల్లో ఏడాదికి రెండు రోజులు నిటారు వస్తువుకు నీడే పడదు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మణి బలం పూర్తిగా ఉండే ఘడియ, నీడ అసలు లేని ఘడియ ఒకటే! క్లైమాక్స్‌కు ఇంతకంటే మంచి టైమర్ ఎవరు రాయగలరు? గాల్లోకి ఎగిరితే నేల మీద నీడ మళ్లీ పడుతుంది కాబట్టి ఆ రోజు కూడా నేల విడవకుండానే పోరాడాలి. ఎగిరే హీరోను ఎగరనివ్వకుండా చేసే రూల్ అది.

డ్రాగన్ విషయానికొస్తే, సురస ఉంది, నాగమాత. యోజనాల కొద్దీ నోరు పెంచుకుంటూ పోతుంది. పోస్టర్‌లో కనిపించింది పరాయి డ్రాగన్ అని చాలామంది చిరాకు పడ్డారు. మన నాగజాతికి ముడిపెడితే ఆ చిరాకు పోతుంది.

---

అంజనాద్రి_వాసి

నీడ ఐడియా చదివి మొదటి భాగం పగటి సీన్లన్నీ కళ్లముందు తిరిగాయి. ఒక్క సందేహం, మణి ఎండలోనే ఎందుకు పనిచేస్తుంది? విలన్ మైకేల్‌కు అడ్డం పడటానికి స్క్రీన్‌ప్లే కోసం పెట్టిన రూలేనా, పురాణంలో దానికి ఆధారం ఉందా?

---

పారాయణ

ఉంది, అది కూడా చాలా పద్ధతిగా. సినిమా ప్రకారం మణి ఎప్పుడు పుట్టింది? బాలహనుమంతుడు సూర్యుడి మీదికి ఎగిరినప్పుడు ఇంద్రుడి వజ్రం తగిలి కారిన రక్తపు చుక్క సముద్రంలో పడి. వరాలు ఎప్పుడు వచ్చాయి? ఆ దెబ్బ తర్వాత, వాయువు అలిగి గాలి ఆపేశాక, దేవతలు దిగొచ్చి ఇచ్చారు. ఇంద్రుడు వజ్రం వల్ల చావు లేదన్నాడు. వరుణుడు తన పాశం వల్లా నీటి వల్లా భయం లేదన్నాడు. యముడు తన దండం వల్లా రోగం వల్లా బాధ లేదన్నాడు. సూర్యుడు తన తేజస్సులో నూరో వంతు ఇచ్చాడు.

వరస గమనించండి. రక్తం ముందు, వరాలు తర్వాత. మణిలో ఉన్నది పుట్టుకతో వచ్చిన బలం మాత్రమే, సూర్యుడి నూరో వంతు అందులో లేదు. అందుకే అది బయటి నుంచి ఎండ అడుగుతుంది. మంచులోంచి లేచిన స్వామికి రాత్రీ పగలూ తేడా లేదు, ఆ వంతు ఆయన ఒంట్లోనే ఉంది. టీమ్ ఇది ఆలోచించి పెట్టిందో లేదో గానీ, రెండో భాగంలో ఒక్క డైలాగ్‌లో చెప్పించగలిగితే మొదటి భాగం రూల్ మొత్తం గట్టిపడుతుంది.

పైగా సముద్రంలో పడ్డ చుక్క అనగానే మైరావణ కథ గుర్తు రావాలి. లంక కాల్చి వస్తూ ఉంటే కారిన చెమట చుక్కను చేప మింగితే మత్స్యవల్లభుడు పుట్టాడు, పాతాళంలో తండ్రినే ఎదిరించాడు. వాల్మీకంలో లేదు, మన జానపదంలో మాత్రం బలంగా ఉంది. రక్తపు చుక్కతో మణి పుట్టగా లేనిది, చెమట చుక్కతో పుట్టిన కొడుకు తిరిగి రావడానికి ఈ లోకంలో అడ్డేముంది? శత్రుపక్షంలో నిలబెట్టడానికి అంతకంటే బరువైన పాత్ర దొరకదు. దెబ్బ కొట్టలేడు, కొట్టకుండా ఉండలేడు.

---

ఫ్రేమ్_24

కథ మీరు తేల్చండి, నేను తెర వైపు నుంచి చెబుతాను. ఎందుకంటే ఏ కథ వీలవుతుందో కొంతవరకు అక్కడే తేలిపోతుంది.

కొండంత హనుమంతుడిని చూపించడంలో పెద్ద గండం బొమ్మ గీయడం కాదు, వేగం. ఆకారం ఎన్ని రెట్లు పెరిగితే కదలిక దాని వర్గమూలం రెట్లు నెమ్మదించాలి. ఎందుకంటే భూమ్యాకర్షణ మారదు. ఆరడుగుల ఎత్తు నుంచి గద జారితే 0.6 సెకనులో నేల తాకుతుంది. 150 అడుగుల నుంచి జారితే 3 సెకన్లు పైనే పడుతుంది. కాబట్టి ఆరడుగుల నటుడిని 150 అడుగులుగా చూపించాలంటే, అంటే 25 రెట్లు, కదలిక 5 రెట్లు నెమ్మదిగా ఉండాలి. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాకు సెకనుకు 120 ఫ్రేములు తీయాలి. 54 అడుగులకు 72 ఫ్రేములు చాలు. మామూలు స్పీడ్‌లో తీసి బొమ్మను పెద్దది చేస్తే, ఎంత ఖర్చు పెట్టినా బొమ్మల కొలువులో బొమ్మలా ఉంటుంది. మన పౌరాణిక వీఎఫ్ఎక్స్ చాలాసార్లు తేలిపోయేది ఇక్కడే, గ్రాఫిక్స్ బాలేదంటారు గానీ తప్పు టైమింగ్‌ది.

120 ఫ్రేములకు వెళితే ఒక్కో ఫ్రేముకు పడే వెలుగు అయిదో వంతు అవుతుంది. సెట్‌లో అయిదు రెట్ల లైటు కావాలి, లేదా అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, రెండు స్టాపులకు పైగా తెరవాలి (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). తెరిస్తే ఫోకస్ పలచబడి వెనక కొండ మసకవుతుంది, అప్పుడు ఆకారం పెద్దదిగా అనిపించదు. అందుకే ఇలాంటివి పట్టపగలు ఆరుబయట తీయడం మేలు.

అసలు కష్టం ఇంకోటి. 120లో డైలాగ్ తీయలేరు, పెదాలు సాగుతాయి. శరీరం ఒకసారి, ముఖం విడిగా 24లో తీసి అతికించాలి, మెడ దగ్గర అతుకు తెలుస్తుంది. కాబట్టి నా ఊహ గట్టిగా చెబుతున్నా: విశ్వరూపం మాట్లాడదు. రిషబ్ శెట్టి నోట మాటలన్నీ మనిషంత రూపంలోనే ఉంటాయి. పెద్ద రూపానికి శ్వాస, చూపు, రామనామం. అంతవరకే. పారాయణ గారి 'కుర్రాడు గుర్తు చేసే సీన్' అందుకు సరిగ్గా సరిపోతుంది, చిన్న రూపంలో మాటలు, పెరగడం మొదలయ్యాక మౌనం.

డ్రాగన్ నిప్పు విషయంలో ఒక జాగ్రత్త. మంట తర్వాత కంప్యూటర్‌లో వేస్తారు, కానీ ఆ మంట వెలుగు నటుడి ముఖం మీద షూటింగ్ రోజే పడాలి. సెట్‌లో ఎల్ఈడీ ప్యానెళ్లు పెట్టి, ముందుగానే చేసిన ప్రీవిజ్ (షాట్ల కంప్యూటర్ నమూనా) ప్రకారం ఎప్పుడు ఎటు నుంచి వెలుగు రావాలో ప్రోగ్రామ్ చెయ్యాలి. ప్రీవిజ్ ఖరారు కాకుండా షూట్‌కు వెళితే తర్వాత ముఖం మీద వెలుగు మార్చడానికి ఒక్కో షాట్‌కు వారాలు పోతాయి. బొచ్చు తడిస్తే, కాలితే ఇంకా ఎక్కువ. తోక మొత్తం సీజీయే అవుతుంది, కానీ కూర్చునే సీన్లలో దానికి చోటు వదిలి కెమెరా పెట్టకపోతే తర్వాత ఎక్కడా పట్టదు. 2025 దాటిపోయిందని తిట్టుకునేవాళ్లకు ఇదే చెబుతాను, ఈ పనులకు తొందర పెడితే దెబ్బ తెర మీద కనిపిస్తుంది.

---

పద్యరాగం

పారాయణ గారి జవాబుకు చిన్న చేర్పు. మాట ఇవ్వడం ఒక్కటే అయితే నాటకం పుట్టదు, రెండు మాటలు ఢీకొనాలి. తెలుగువాళ్లకు ఇది స్టేజీ మీద తరాలుగా తెలుసు. శ్రీరామాంజనేయ యుద్ధంలో విశ్వామిత్రుడి కోసం యయాతిని శిక్షిస్తానని రాముడు ప్రతిజ్ఞ చేస్తాడు, ఇటు యయాతికి అభయం ఇచ్చిన మాట ఆంజనేయుడి మెడకు చుట్టుకుంటుంది. బాణం వేసేది రాముడు, అడ్డం నిలిచేది రామనామం. 1975లో బాపు తీస్తే ఎన్టీఆర్ రాముడు, అర్జా జనార్దనరావు హనుమంతుడు.

'జై హనుమాన్' ఈ పద్ధతి పట్టుకుంటే ఎంత బావుంటుంది! రాముడికి ఇచ్చిన మాట ఒకటి: భూమ్మీదే ఉండి ఆజ్ఞ పాలించాలి. మొదటి భాగంలోని ఊరు అంజనాద్రికి ఇచ్చిన అభయం ఇంకోటి. మొదటిది ధర్మం మొత్తానికి, రెండోది ఒక్క ఊరికి. ఒకదాన్ని నిలబెడితే ఇంకొకటి పడిపోయే చోట స్వామిని నిలబెట్టాలి. శరీరానికి చావు లేనివాడికి మాట తప్పడమే చావు. అప్పుడు డ్రాగన్ ఎంత పెద్దదన్న లెక్క వెనక్కి పోతుంది. బ్రహ్మాస్త్రం ఘట్టంలోనూ ఇదే గుణం. రాక్షసులు తాళ్లతో కట్టగానే, ఇంకో కట్టు సహించని ఆ అస్త్రం దానంతట అదే విడిపోయింది. ఆ సంగతి తెలిసీ, రావణుడిని చూడాలని, కట్టుబడ్డట్టే ఉండిపోయాడు. బలం ఉండి ఆగినవాడు. రిషబ్ శెట్టి లాంటి నటుడికి గద తిప్పడం కంటే అలా ఆగడం ఇచ్చిచూడండి, ఫస్ట్ లుక్‌లో విగ్రహం పట్టుకున్న తీరులో అదే ఉంది.

---

మొదటి_ఆట

తేదీ గురించి ఎవరూ ఎత్తలేదు. మొదటిది సంక్రాంతికి 'గుంటూరు కారం'తో అదే రోజు దిగింది, థియేటర్లు చాలక ఇబ్బంది పడి, టాక్‌తో స్క్రీన్లు పెంచుకుంది. టికెట్‌కు 5 రూపాయల చొప్పున అయోధ్య గుడికి ఇస్తామని చెప్పి, 53,28,211 టికెట్లకు 2,66,41,055 రూపాయలు ప్రకటించారు. అంతమంది చూశాక రెండోదానికి పోటీలో దూరాల్సిన అవసరం లేదు, పండగే దాని చుట్టూ తిరుగుతుంది.

నా అంచనా వేసవి. ఉత్తరాదిలో హనుమాన్ జయంతి చైత్ర పౌర్ణమికి. మనకు పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి. ఈ మధ్యలో మన దగ్గర 41 రోజుల హనుమాన్ దీక్ష నడుస్తుంది, కొండగట్టులో మాలలు వేసేవాళ్లు, విరమించేవాళ్లు కిటకిటలాడతారు. చైత్ర పౌర్ణమికి దించితే హిందీ వైపు పండగ ఓపెనింగ్, మన వైపు దీక్ష ముగిసేదాకా ఆరు వారాల రన్. ఇబ్బంది ఒక్కటే, దీక్షలో ఉన్నవాళ్లు చాలామంది సినిమాహాలుకు రారు. అందుకని రెండో జయంతి వారంలో షోలు తగ్గించకుండా స్క్రీన్లు పట్టి ఉంచాలి, మాల తీశాక వచ్చే జనం అప్పుడు వస్తారు. మూడో వారంలోనే కొత్త సినిమాలకు హాళ్లు వదిలేస్తే ఆ జనం పోయినట్టే.

నీడపట్టు అన్నా, నీ నీడ లేని రోజు కూడా దాదాపు ఆ కిటికీలోనే పడుతోంది చూశావా, మే రెండో వారం.

---

నీడపట్టు

చూశాను అన్నా, కానీ ఒక చిక్కుంది. అంజనాద్రి ఏ అక్షాంశంలో ఉందో బట్టి ఆ రోజు మారుతుంది. మొదటి భాగంలో ఊరు కల్పితం, మ్యాప్ మీద ఎక్కడా పెట్టలేదు. దక్షిణానికి జరిపే కొద్దీ తేదీ ఏప్రిల్ వైపు జరుగుతుంది, తిరుపతి దగ్గరకు వస్తే ఏప్రిల్ చివరి వారమే. కథలో చైత్ర పౌర్ణమికి దగ్గరగా కావాలంటే ఊరిని సీమ కొసకు పెట్టుకోవాలి. రచయితలు ఇది ముందే తేల్చుకోకపోతే క్లైమాక్స్‌లో నేల మీద నీడలు దొరికిపోతాయి. మిట్టమధ్యాహ్నం అని చెప్పి నాలుగు గంటల ఎండలో తీస్తే మొదటి ఆటకే పట్టేస్తారు. ఫ్రేమ్_24 గారూ, 120 ఫ్రేములకు కావాల్సిన ఆ అయిదు రెట్ల వెలుగు కూడా మిట్టమధ్యాహ్నమే దొరుకుతుంది కదా, నడినెత్తి ఎండలో ముఖాల మీద కళ్ల కింద పడే నల్ల మచ్చల సంగతి ఎలా చూసుకుంటారు?

---

ఫ్రేమ్_24

పైన పెద్ద పలచటి సిల్కు కడితే మచ్చలు పోతాయి, కానీ నేల మీద నీడ అంచు కూడా మెత్తబడి మీ ట్రిక్కే పోతుంది. కాబట్టి సిల్కు వద్దు. నేలను పనిచేయించాలి. తెల్లటి ఇసుక, సున్నం కొట్టిన గుడి మెట్లు, లేదా ఫ్రేము అవతల నేల మీద పరిచిన తెల్ల గుడ్డ. కింద నుంచి తిరిగొచ్చే వెలుగు కళ్ల గుంతలు నింపుతుంది, నీడ అంచు మాత్రం కత్తిలా ఉంటుంది. ఎర్రమట్టి నేల మీద తీస్తే ముఖాలకు ఎరుపు ఎక్కుతుంది, దాన్ని కలర్ గ్రేడింగ్‌లో లాగితే ఒంటి రంగు చెడుతుంది. వైడ్ షాట్లు మధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూ అరగంటలో, రోజుకు రెండు మూడు చొప్పున తీసుకుని, క్లోజప్‌లు మిగతా వేళల్లో తలపై ఒక లైటు పెట్టి కలపాలి. క్లోజప్‌లో నేల కనిపించదు కాబట్టి నీడ దొరకదు. సీన్‌లో కనీసం మూడొంతులు క్లోజప్‌గా రాసుకుంటే రెండు వారాల్లో అయిపోయే పని, అంతా వైడ్‌లో కావాలంటే నెల దాటుతుంది.